చవకైన డాక్ పెడితే పాట నిజంగా బాగుపడుతుందా?

ఇంట్లో పాటలు వినడానికి మంచి స్పీకర్లు, ఓ మోస్తరు యాంప్లిఫయర్ సమకూర్చుకున్నాక చాలామందిని వదలకుండా పట్టుకునే సందేహం ఒకటుంది: అంకెల రూపంలోని పాటను స్పీకర్లకు కావలసిన వోల్టేజీగా మార్చే డాక్ అనే చిన్న పెట్టె కూడా కొనాలా? అడిగితే వచ్చే జవాబులు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. డాక్ పెట్టాక ఇన్నాళ్లూ వినపడని వాయిద్యాలు వినపడ్డాయని ఒకరంటారు. అదంతా భ్రమ, ఫోన్‌లో ఉన్నదే చాలని ఇంకొకరంటారు. ఇద్దరూ తాము విన్నదే చెబుతున్నారు. కాకపోతే ఇద్దరి ఇళ్లలో ఉన్న పరికరాలు వేరు, వాటిలోని లోపాలు వేరు.

నా మాట ముందే చెప్పేస్తాను. చవకైన డాక్ పాటకు కొత్తగా ఏదీ చేర్చదు, పాటను పాడుచేస్తున్న అడ్డంకిని తీసేస్తుంది. అడ్డంకి ఉన్న ఇంట్లో తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. లేని ఇంట్లో ఎంత ఖరీదైనది తెచ్చి పెట్టినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. అందుకే ఏ డాక్ కొనాలా అని వెతికే ముందు మన దగ్గర చెడిందేమిటో తేల్చుకోవాలి. అది తేలాలంటే లోపల ఏం జరుగుతోందో కాస్త తెలిసుండాలి.

అంకెలు అలగా మారేదెలా

డాక్ అంటే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. ఫైల్‌లోనైనా స్ట్రీమింగ్‌లోనైనా పాట ఉండేది అంకెల రూపంలోనే. స్పీకర్ కోన్ ముందుకూ వెనక్కూ ఊగాలంటే మాత్రం ఎడతెగకుండా హెచ్చుతగ్గులయ్యే వోల్టేజీ కావాలి. ఆ అంకెల్ని ఈ వోల్టేజీగా మార్చేదే డాక్. ఫోన్‌లో, లాప్‌టాప్‌లో, టీవీలో, సీడీ ప్లేయర్‌లో, ఆఖరికి బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో కూడా అది ఇప్పటికే ఉంది. లేకపోతే శబ్దమే రాదు. మనం విడిగా కొనేది ఆ లోపలి డాక్‌ను తప్పించి, అదే పనిని బయట ఒక చిన్న పెట్టెలో చేస్తుంది.

సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కలిసి రూపొందించి 1982లో మార్కెట్లోకి తెచ్చిన సీడీనే తీసుకుందాం. సెకనుకు 44,100 సార్లు శబ్దతరంగం ఎత్తును కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్ల అంకెగా రాస్తారు. 16 బిట్లంటే 65,536 మెట్లు. ఎడమ, కుడి చానళ్లు రెండూ కలిపి సెకనుకు 14,11,200 బిట్లు. ఇక్కడ చాలామంది మనసులో ఒక బొమ్మ గీసుకుంటారు. నున్నటి అల మెట్లు మెట్లుగా తెగిపోయినట్టు, సెకనుకు కొలతలు పెంచేకొద్దీ ఆ మెట్లు చిన్నవై అల మళ్లీ నునుపు తేలినట్టు. ప్రకటనల్లో కూడా ఇదే బొమ్మ వేస్తారు. ఆ బొమ్మ తప్పు.

శబ్దంలో ఉన్న అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో కొలిస్తే, ఆ కొలతలన్నిటి గుండా పోగలిగే అల ఒకే ఒక్కటి ఉంటుందని అమెరికన్ గణితవేత్త క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన పత్రంలో గణితపరంగా చూపించాడు. రెండో అలకు అవకాశమే లేదు. డాక్ చివర్లో ఉండే ఫిల్టర్ చేసేది ఆ ఒక్క అలను తిరిగి గీయడం. అల ఆకారాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోప్‌కు కలిపి చూస్తే సీడీ ప్లేయర్ నుంచి వచ్చే 10 కిలోహెర్ట్జ్ సైన్ తరంగం ఎక్కడా మెట్లు లేకుండా నున్నగానే కనిపిస్తుంది. మనిషి చెవికి పైహద్దు సుమారు 20 కిలోహెర్ట్జ్, వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. 44.1 కిలోహెర్ట్జ్‌లో సగం 22.05. చెవి అందుకోగలిగినదంతా ఆ లోపే ఉంది.

మరి బిట్లు ఎందుకు? బిట్ల సంఖ్య తేల్చేది పాట కింద ఉండే హోరు ఎంత లోతున ఉండాలన్నది. బిట్‌కు సుమారు 6 డెసిబెల్స్ చొప్పున 16 బిట్లకు 96, 24 బిట్లకు 144 వస్తాయి. రెండో అంకె కాగితం మీదిదే. గది వేడికి సర్క్యూట్‌లోని రెసిస్టర్లు తమంతట తాము పుట్టించే సన్నటి హోరు ఒకటుంది. దాన్ని దాటి కిందికి పోవడం కుదరదు. అందుకే ఎంత మంచి డాక్ అయినా 120, 130 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది.

ఒకప్పుడు అంత ఖరీదు, ఇప్పుడింత చవక: ఎందుకు?

చవక డాక్ మీద నమ్మకం కుదరకపోవడానికి అసలు కారణం దాని ధరే. ఇంత చిన్న వస్తువు, ఇంత తక్కువకు మంచి పని చేస్తుందా అన్న అనుమానం సహజం. ఆ ధర ఎలా సాధ్యమైందో తెలిస్తే అనుమానం చాలావరకు తీరిపోతుంది.

తొలితరం డాక్‌లు బరువులు వేసే త్రాసులాంటివి. ఒక్కో బిట్‌కూ ఒక్కో బరువు, పై బిట్ బరువు కింది బిట్‌కు రెట్టింపు. అంకె ఎంతో చూసి ఆ బరువుల్ని కలిపి వోల్టేజీ ఇస్తాయి. చిక్కంతా అన్నిటికంటే పెద్ద బరువుతోనే. 16 బిట్లలో దాని ఖచ్చితత్వం అన్నిటికంటే చిన్న మెట్టు స్థాయిలో, అంటే 65,536లో ఒక వంతు, శాతంలో చెబితే 0.0015 దగ్గర ఉండాలి. దానికి రెసిస్టర్లను లేజర్‌తో చెక్కి సరిచేసేవాళ్లు. వేడికి ఆ విలువలు కాస్త జరిగినా లెక్క తప్పుతుంది. 1980ల తొలినాళ్లలో ఇది ఎంత కష్టమో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. సోనీ తన తొలి ప్లేయర్ సీడీపీ-101లో 16 బిట్ల డాక్ పెడితే, ఫిలిప్స్ మొదట 14 బిట్ల టీడీఏ1540 చిప్‌తోనే ప్లేయర్లు తెచ్చింది.

అయితే ఆ 14 బిట్ల చిప్ నుంచే ఫిలిప్స్ ఇంజనీర్లు 16 బిట్లకు సరితూగే ఫలితం రాబట్టారు. శాంపిళ్లను, అంటే ఆ కొలతలను, నాలుగు రెట్ల వేగానికి పెంచి, లెక్కలో మిగిలిపోయే పొరపాటును పారేయకుండా తర్వాతి శాంపిల్‌లోకి తోశారు. దాంతో హోరు చాలావరకు చెవికి అందని పై ఫ్రీక్వెన్సీలకు జరిగిపోయింది, అక్కడ ఫిల్టర్ దాన్ని తీసేస్తుంది. తర్వాతి దశాబ్దాల్లో ఇదే ఉపాయం ముదిరి డెల్టా-సిగ్మా పద్ధతి అయింది. ఇప్పటి డాక్‌లలో అత్యధికం అవే. వాటిలో బరువులు కొద్దే, కానీ సెకనుకు లక్షల సార్లు మారుతుంటాయి. ఖచ్చితత్వమంతా చెక్కిన రెసిస్టర్ల నుంచి కూడికలు తీసివేతల్లోకి మారిపోయింది. కూడికలు తీసివేతలు చేయడంలో సిలికాన్‌ను మించింది లేదు, అచ్చు గుద్దినట్టు కోట్ల సంఖ్యలో తయారైతే ధర ఇట్టే పడిపోతుంది. డాక్ చవకైంది ఇలా. నాణ్యతను కోసేసి ధర తగ్గించిన వస్తువుల వరుసలో దీన్ని కలపడం అన్యాయం.

ఫలితం ఏమిటంటే, టైప్-సీ పోర్ట్‌కు తగిలించే బొటనవేలంత డాంగిల్ కూడా బాగా రూపొందిస్తే సీడీలో ఉన్న 96 డెసిబెల్స్‌ను దాదాపు పూర్తిగా బయటికి తెస్తుంది. ఆపిల్ కంపెనీ టైప్-సీ హెడ్‌ఫోన్ అడాప్టర్ ఇందుకు అందరూ చూపించే ఉదాహరణ. అది చూడ్డానికి మామూలు తీగముక్కలా ఉంటుంది, డాక్ మాత్రం ఆ ప్లగ్ లోపలే ఉంది. బల్లమీద పెట్టుకునే చవక డాక్‌లు చాలా 110 డెసిబెల్స్ దాటిపోతాయి. వాటిలో వక్రీకరణ 0.001 శాతం చుట్టుపక్కల ఉంటుంది. మంచి స్పీకర్ కూడా బేస్ స్వరాల్లో ఒక శాతం వక్రీకరణ చూపడం మామూలే. అంటే ఆ డాక్ దోషం స్పీకర్ దోషంలో వెయ్యో వంతు.

చెవితో చేసిన పరీక్షలేమంటున్నాయి

బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. ఎస్ఏసీడీ, డీవీడీ-ఆడియో డిస్కుల నుంచి వచ్చే హై రిజల్యూషన్ (సీడీ కంటే ఎక్కువ కొలతలు, బిట్లు ఉన్న) శబ్దాన్ని నేరుగా వినిపించారు, అదే శబ్దాన్ని సీడీ స్థాయికి కుదించి మళ్లీ అనలాగ్ చేసి కూడా వినిపించారు. ఏది ఏదో చెప్పకుండా పోల్చమన్నారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

రెండో వైపు కూడా చెప్పాలి. ఇలాంటి 18 ప్రయోగాలను జాషువా రైస్ 2016లో కలిపి లెక్కకట్టాడు. మొత్తం 12,500కు పైగా ప్రయత్నాల్లో సరైన జవాబులు 52.3 శాతం వచ్చాయి. చాలా చిన్న తేడా, కానీ గణాంకాల ప్రకారం కాకతాళీయం అని కొట్టేయలేనిది. ముందుగా శిక్షణ పొందిన శ్రోతల్లో అది ఇంకొంచెం పెరిగింది. నేను దీన్నిలా అర్థం చేసుకుంటాను: ఎక్కడో, ఎవరికో, ఏదో ఒక రికార్డింగ్‌లో తేడా తెలిసే వీలుంది. సాయంత్రం కూర్చుని పాట వినే మనిషి డబ్బు ఖర్చు పెట్టాల్సిన తేడా అది అవునా అంటే, నేనైతే కాదంటాను.

అయినా తేడా వినిపించిందే?

వినిపిస్తుంది. నాలుగు నిఖార్సైన కారణాల వల్ల వినిపిస్తుంది, అసలు పట్టించుకోవాల్సింది వీటినే.

మొదటిది గలీజు శబ్దం. కంప్యూటర్ లోపల ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై అన్నీ ఒకే చోట ఇరుక్కుని ఉంటాయి. వాటి కరెంటు క్షణక్షణం మారుతుంటే ఆ ఛాయ పక్కనే ఉన్న ఆడియో సర్క్యూట్ మీద పడుతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి యాంప్లిఫయర్‌కు కేబుల్ కలిపి, పాట ఆపేసి, వాల్యూమ్ మామూలు కంటే కాస్త పెంచి, స్పీకర్‌కు చెవి దగ్గరగా పెట్టండి. ఇప్పుడు మౌస్ కదపండి, ఒక పెద్ద పేజీని పైకీ కిందికీ జరపండి. మౌస్‌తోపాటే కీచుమనే సన్నటి శబ్దం కదిలితే, పేజీ జరిపినప్పుడు చిటపటలు వస్తే, మీ జబ్బు దొరికినట్టే. అతి చవకైన యూఎస్‌బీ డాక్ కూడా దాన్ని బాగా తగ్గించేస్తుంది. లాప్‌టాప్ చార్జర్ తీసేయగానే గుయ్యిమనే హోరు ఆగిపోతే మాత్రం అది వేరే జబ్బు, గ్రౌండ్ లూప్: రెండు పరికరాల గ్రౌండ్ తీగలు కలిసి చుట్టుగా మారి, అందులో కరెంటు పారడం. యూఎస్‌బీ కేబుల్‌లో కూడా గ్రౌండ్ తీగ ఉంటుంది కాబట్టి యూఎస్‌బీ డాక్ పెట్టినా అది పోకపోవచ్చు. అలాంటి చోట ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న డాక్ తీసుకోవాలి. తోషిబా 1983లో తెచ్చిన ఈ టాస్‌లింక్ కేబుల్‌లో పోయేది వెలుతురు, రాగి తీగ లేదు, కాబట్టి దాని గుండా గ్రౌండ్ కలిసే దారే లేదు.

రెండోది చాలని వోల్టేజీ. ఇంటి యాంప్లిఫయర్లు సీడీ ప్లేయర్ ఇచ్చే 2 వోల్టులను దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. ఫోన్లు, చిన్న డాంగిళ్లు సాధారణంగా అర వోల్టు నుంచి ఒక వోల్టు ఇస్తాయి. దాంతో యాంప్లిఫయర్ వాల్యూమ్ బాగా తిప్పాలి, పాటతోపాటు హోరూ పెరుగుతుంది. 2 వోల్టుల లైన్ అవుట్‌పుట్ ఉన్న డాక్ ఈ చిక్కును తీరుస్తుంది. ఇందులోనే ఒక మోసం కూడా దాగి ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

మూడోది హెడ్‌ఫోన్లకు మాత్రమే సంబంధించింది: అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే శబ్దం పంపే సాకెట్ లోపలే ఉండే నిరోధం. కొన్ని కంప్యూటర్ల హెడ్‌ఫోన్ సాకెట్ లోపల పదుల ఓముల నిరోధం ఉంటుంది. అది 30 ఓములనుకుందాం. మీ హెడ్‌ఫోన్ మధ్య స్వరాల్లో 30 ఓములు, బేస్‌లో 90 ఓములు చూపిస్తుందనుకుందాం. మధ్య స్వరాలకు వోల్టేజీలో సగమే చేరుతుంది, బేస్‌కు ముప్పాతిక చేరుతుంది. లెక్క కడితే బేస్ 3.5 డెసిబెల్స్ ఉబ్బుతుంది. ఇది ఎవరికైనా తెలిసే తేడా. గొంతు మసకగా, బేస్ బొద్దుగా ఉందని అనిపించి డాంగిల్ పెట్టగానే పాట తేటపడిందంటే, చాలాసార్లు కారణం ఇదే. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతు దాటకూడదన్నది అందరూ పాటించే లెక్క. ఒకటి రెండు ఓములు ఉంటే ఇక దిగులే లేదు.

నాలుగోది సాఫ్ట్‌వేర్. విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ పేరుతో కొన్ని ఎఫెక్టులు మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటాయి. కొత్త డాక్ తగిలించగానే అది కొత్త పరికరంగా నమోదై, పాతదానికున్న ఎఫెక్టులు దానికి వర్తించవు. తేడా నిజమే, ఘనత మాత్రం డాక్‌ది కాదు. ముందు ఆ సెట్టింగ్ తీసేసి వినండి, పైసా ఖర్చు లేదు.

కొనేటప్పుడు

చిప్ పేరు చూసి కొనొద్దు. 2020 అక్టోబర్‌లో జపాన్‌లోని నోబెవోకాలో డాక్ చిప్పులు చేసే ఏకేఎం కంపెనీ ఫ్యాక్టరీ తగలబడిపోయింది. ఆ చిప్పుల మీద ఆధారపడిన చాలా కంపెనీలు ఇఎస్ఎస్ వంటి వేరే చిప్పులకు మారి, తమ బోర్డుల్ని మళ్లీ గీయాల్సి వచ్చింది. అంతకుముందు దాకా ఫలానా చిప్ గొంతు తియ్యన, ఫలానా చిప్ గొంతు పదును అని నడిచిన వాదనలు ఆ మార్పుకు అడ్డురాలేదు. చిప్ మంచిదైనా దాని చుట్టూ ఉన్న పవర్ సప్లై, అవుట్‌పుట్ సర్క్యూట్ బాగాలేకపోతే ఫలితం పాడవుతుంది. కాబట్టి పెట్టె మొత్తాన్ని కొలిచి ప్రచురించిన అంకెలు ఉన్నవాటిని ఎంచుకోండి.

768 కిలోహెర్ట్జ్, 32 బిట్, డీఎస్‌డీ 512 లాంటి అంకెల్ని చూసి ఎక్కువ పెట్టాల్సిన అవసరం లేదు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ ఉంటే సరిపోతుంది. 24 బిట్ల వల్ల ఒక అసలైన లాభం ఉంది: 16 బిట్ల పాటను కంప్యూటర్‌లోనే 48 డెసిబెల్స్ దాకా తగ్గించినా ఒక్క బిట్ కూడా రాలిపోదు. కాబట్టి వాల్యూమ్ సాఫ్ట్‌వేర్‌లో తగ్గిస్తే నాణ్యత పోతుందన్న పాత భయం వదిలేయొచ్చు. నిజానికి కొంచెం తగ్గించడమే మంచిది. ఇప్పటి పాటలు చాలావరకు పైకప్పు తగిలేంత గట్టిగా మాస్టర్ చేస్తున్నారు. రెండు శాంపిళ్ల మధ్య తిరిగి గీసే అల కొన్నిసార్లు ఆ కప్పు దాటిపోతుంది, దాన్ని పట్టే చోటు లేని డాక్‌లో శిఖరం తెగిపడుతుంది. ప్లేయర్‌లో 3 డెసిబెల్స్ తగ్గించుకుంటే ఆ బెడద చాలావరకు ఉండదు.

జిట్టర్, అంటే గడియారం తడబాటు గురించి భయపెట్టే రాతలు చాలా ఉన్నాయి. ఎసింక్రనస్ యూఎస్‌బీ ఉన్న డాక్‌లో గడియారం డాక్‌దే. డేటా ఎప్పుడు పంపాలో కంప్యూటర్‌కు అదే చెబుతుంది. ఇప్పటి యూఎస్‌బీ డాక్‌లలో ఎక్కువ భాగం అలాంటివే కాబట్టి దీన్ని పక్కన పెట్టేయొచ్చు. ఖరీదైన యూఎస్‌బీ కేబుల్ సంగతి కూడా అంతే.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లు వాడేవాళ్లు డాక్ కొని ఉపయోగం లేదు. వాటి డాక్ వాటి లోపలే ఉంది, ఫోన్‌కు తగిలించిన డాక్ దాకా ఆ శబ్దం రానే రాదు. 300 ఓముల పెద్ద హెడ్‌ఫోన్లు ఉన్నవాళ్లకు డాక్ కంటే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ బలం ముఖ్యం, రెండూ కలిసిన పెట్టె చూసుకోవాలి. టీవీకి ఆప్టికల్ కేబుల్‌తో డాక్ కలిపితే శబ్దం రాకపోయినా, పెద్దగా బరబరమన్నా, డాక్ పాడైందని తిప్పి పంపకండి. టీవీ శబ్దాన్ని డాల్బీ అనే, ఈ డాక్ విప్పలేని కుదించిన రూపంలో పంపుతున్నట్టు లెక్క. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్‌ను పీసీఎం (కుదించని మామూలు అంకెలు) అని మార్చగానే పాట వచ్చేస్తుంది.

కొన్నాక సరిగా పోల్చడం

పైన ఆపిన మోసం సంగతి ఇప్పుడు. రెండు శబ్దాల్లో ఒకటి అర డెసిబెల్ గట్టిగా ఉంటే, గట్టిగా ఉందని మన చెవి చెప్పదు. తేటగా ఉందని, లోతు ఉందని చెబుతుంది. 2 వోల్టుల డాక్ ఒక వోల్టు ఫోన్‌తో పోటీపడితే 6 డెసిబెల్స్ ఆధిక్యంతో మొదలవుతుంది. అలాంటి పోలికలో ఫోన్ గెలవడం అసాధ్యం. నచ్చిన డాక్‌ను మెచ్చుకుంటూ రాసిన చాలా రాతలు ఈ ఒక్క అడుగు వేయకుండా రాసినవే, నాకు బాధ కలిగించేది అదే.

సరిచేయడం కష్టమేమీ కాదు. 100 హెర్ట్జ్ సైన్ టోన్ ఫైల్ ఒకటి తీసుకుని తక్కువ వాల్యూమ్‌లో నడపండి. మామూలు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి స్పీకర్ వెనక రెండు టెర్మినళ్ల దగ్గర కొలవండి. ఒక టెర్మినల్‌కు తగిలించిన ముల్లు రెండోదానికి తాకకుండా జాగ్రత్త పడాలి, యాంప్లిఫయర్ షార్ట్ అవుతుంది. ఫోన్‌తో 1.00 వోల్టు వస్తే, డాక్‌తో కూడా ప్లేయర్ వాల్యూమ్ సర్దుతూ 0.99కీ 1.01కీ మధ్యకు తీసుకురండి. ఇది 0.1 డెసిబెల్‌కు లోపే. ఇక మీరు పరికరాలు కనిపించకుండా వాటికి వీపు తిప్పి కూర్చోండి, కేబుళ్లు మార్చే పని ఇంకెవరికైనా అప్పజెప్పండి, ఏది నడుస్తోందో మీకు చెప్పొద్దనండి. పదహారు సార్లు ఊహించి రాసుకుంటే, 12 లేదా అంతకంటే ఎక్కువ సరైతే మీకు తేడా నిజంగా తెలుస్తున్నట్టే. ఊరికే ఊహించేవాళ్లకు అది వందలో నాలుగుసార్లు కూడా కుదరదు.

తేడా తెలిస్తే డాక్ ఉంచుకోండి. తెలియకపోతే, మౌస్ కదిపినప్పుడు కీచు శబ్దం కూడా ముందునుంచీ లేకపోతే, గడువులోపు వెనక్కిచ్చేసి స్పీకర్లను గోడ నుంచి ఒక అడుగు ముందుకు జరిపి వినండి. గది మూలల్లో, గోడల దగ్గర బేస్ స్వరాలు 10 డెసిబెల్స్ దాకా ఉబ్బడమో పూడిపోవడమో మామూలు విషయం, ఏ డాక్ ముట్టుకోలేని తేడా అది.